జోహాన్ లుడ్విగ్ బర్క్‌హార్ట్

జోహాన్ లుడ్విగ్ బర్క్‌హార్ట్ (1784 నవంబరు 24 - 1817 అక్టోబరు 15) స్విట్జర్లాండు దేశానికి చెందిన ప్రసిద్ధ యాత్రికుడు, అరబ్బీ భాషా పండితుడు. జోర్డాన్‌లోని పెట్రా శిథిల నగరాన్ని, ఈజిప్టులోని అబూ సింబెల్ ఆలయాలను ఆధునిక ఐరోపాకు తెలియజేసినవాడు ఇతడే. నేడు ఈ రెండూ ప్రపంచంలోని ప్రముఖ పర్యాటక కేంద్రాలలో చేరినవి. అయితే వీటి కొరకు బర్క్‌హార్ట్ స్వదేశం విడిచి రాలేదు. పశ్చిమ ఆఫ్రికాలోని నైజరు నది గమనాన్ని కనుగొనుట అతనికి అప్పగించబడిన పని. ఆ ప్రయాణానికి తగిన భాష, వేషము, అనుభవము సంపాదించుకొనే క్రమంలోనే అతడు పెట్రాను, అబూ సింబెల్‌ను, మక్కా మదీనాలను దర్శించాడు. నైజరు నది వైపు అడుగు వేయకముందే 32 సంవత్సరాల వయసులో కైరో నగరంలో మరణించాడు. తూర్పు దేశాలలో ఇతడు షేక్ ఇబ్రహీం ఇబ్న్ అబ్దుల్లా అనే పేరుతో వ్యవహరించాడు. కైరోలోని ఇతని సమాధి కూడా ఆ పేరుతోనే ఉంది.

బాల్యము, విద్యాభ్యాసము

బర్క్‌హార్ట్ స్విట్జర్లాండులోని లోసాన్ పట్టణంలో జన్మించాడు. వీరి కుటుంబం బాసెల్ నగరంలో పట్టు వ్యాపారంతో ధనము, పలుకుబడి సంపాదించిన కుటుంబం. తండ్రి రుడాల్ఫ్ బాసెల్‌లో నిర్మించిన కిర్ష్‌గార్టెన్ అనే భవనంలో బర్క్‌హార్ట్ బాల్యం గడిచింది. ఈ భవనం తరువాతి కాలంలో ప్రదర్శనశాల అయింది.

ఫ్రెంచి విప్లవానంతరం స్విట్జర్లాండులో ఫ్రాన్సు ప్రాబల్యం పెరిగింది. రుడాల్ఫ్ ఫ్రాన్సుకు వ్యతిరేక పక్షంవాడు కావడం వల్ల అభియోగాలను ఎదుర్కొని బాసెల్ నగరాన్ని విడిచి వెళ్ళవలసి వచ్చింది. కుటుంబం చెదిరిపోయింది. ఈ పరిణామాల ప్రభావం కుమారునిపై బలంగా పడింది. ఫ్రాన్సు అధీనంలో ఉన్న ఏ ప్రభుత్వంలోనూ ఉద్యోగం చేయకూడదని అతడు నిశ్చయించుకొన్నాడు. జర్మనీలోని లైప్‌జిగ్, గోటింగెన్ విశ్వవిద్యాలయాలలో చదువు ముగించుకొని, 1806లో ఉద్యోగాన్వేషణలో లండను నగరం చేరాడు. గోటింగెన్ ఆచార్యుడు బ్లూమెన్‌బాక్ సర్ జోసెఫ్ బ్యాంక్స్ పేర వ్రాసి ఇచ్చిన పరిచయ లేఖ ఒకటి అతని వద్ద ఉంది. జీవిత గమనాన్ని మార్చినది ఆ లేఖయే.

ఆఫ్రికా సంఘం

జోసెఫ్ బ్యాంక్స్ సుప్రసిద్ధ వృక్షశాస్త్రవేత్త. కెప్టెన్ జేమ్స్ కుక్‌తో కలసి సముద్రయానం చేసినవాడు. 1788లో లండనులో ఏర్పడిన ఆఫ్రికా సంఘానికి ఇతడు ముఖ్య నాయకుడు. ఆఫ్రికా ఖండపు అంతర్భాగాలను గురించి, ప్రత్యేకించి నైజరు నదిని, టింబక్టూ నగరాన్ని గురించి తెలుసుకొనుట ఈ సంఘపు ఆశయం. నైజరు నది ఎక్కడ సముద్రంలో కలుస్తుందో ఆనాటి ఐరోపా వారికి తెలియదు. అది నైలు నదిలో కలుస్తుందని కొందరు, ఏదో ఒక సరస్సులో ఇంకిపోతుందని మరికొందరు భావించేవారు.

సంఘం పంపిన యాత్రికులలో పలువురు తిరిగి రాలేదు. జర్మనీకి చెందిన హార్న్‌మన్ ఉత్తర ఆఫ్రికా నుండి బయలుదేరి ఎడారికి ఆవల మరణించాడు. మొదటి యాత్రలో నైజరు నదిని చూసి వచ్చిన ముంగో పార్క్, ఆంగ్ల ప్రభుత్వం పక్షాన చేసిన రెండవ యాత్రలో 1806లో ఆ నదిలోనే ప్రాణాలు కోల్పోయాడు. ఇవన్నీ తెలిసియుండియు బర్క్‌హార్ట్ తనను పంపవలసినదిగా కోరాడు. 1808లో సంఘం అతనిని నియమించింది.

ముస్లిము వర్తకుని వేషంలో ఈజిప్టు చేరి, అక్కడి నుండి ఫెజ్జాన్ ప్రాంతానికి (నేటి లిబియా దక్షిణ భాగం) పోయే బిడారుతో కలసి సహారా ఎడారిని దాటి నైజరు చేరాలన్నది పథకం. ఇందుకొరకు బర్క్‌హార్ట్ కేంబ్రిడ్జిలో అరబ్బీ భాష నేర్చుకొన్నాడు. వైద్యము, ఖగోళము మొదలగు విషయాలు అభ్యసించాడు. ఎండలో తలపై ఏ ఆచ్ఛాదన లేకుండా దూరప్రాంతాలకు నడవడం, కటిక నేలపై పడుకోవడం, కూరగాయలు మంచినీళ్ళతో సరిపెట్టుకోవడం వంటివి సాధన చేశాడు. 1809 మార్చిలో ఇంగ్లండు నుండి బయలుదేరాడు.

షేక్ ఇబ్రహీం

మాల్టా ద్వీపంలో బర్క్‌హార్ట్ తూర్పుదేశాల దుస్తులు ధరించి, భారతదేశానికి చెందిన ముస్లిము వర్తకుడు ఇబ్రహీంగా మారాడు. ఈ ఎంపికకు కారణం ఉంది. అరబ్బీ ఉచ్చారణలో లోపం ఉన్నా, ఆచార వ్యవహారాలలో తేడా కనిపించినా, దూరదేశపు మనిషి కాబోలునని వినేవారు సరిపెట్టుకొంటారు. ఓడలోని తోటి ప్రయాణికులు హిందుస్తానీ భాష ఎలా ఉంటుందో వినిపించమని అడిగినపుడు, అతడు తన స్విస్ జర్మన్ మాండలికంలో మాట్లాడాడు. ఆ భాష తెలిసినవారు అక్కడ లేకపోవుటచే ఎవరికీ అనుమానం రాలేదు.

1809 వేసవిలో సిరియాలోని హలబ్ (అలెప్పో) నగరం చేరి, రెండు సంవత్సరాలకు పైగా అక్కడ నివసించాడు. అరబ్బీ భాషను, ఖురానును, ఇస్లామీయ ధర్మశాస్త్రాన్ని శ్రద్ధగా అధ్యయనం చేశాడు. భాషాభ్యాసం కొరకు రాబిన్సన్ క్రూసో నవలను అరబ్బీలోనికి అనుసరించి వ్రాశాడు. హలబ్ నుండి పల్మైరా, బాల్‌బెక్, డమాస్కస్, హౌరాన్ ప్రాంతాలకు యాత్రలు చేశాడు. ఎడారి యాత్రలలో రక్షణ ఇస్తామని సొమ్ము పుచ్చుకొన్నవారు మధ్యదారిలో విడిచిపెట్టడం, దోపిడీలకు గురికావడం అతనికి అనుభవమే. అయినను సంచార అరబ్బు తెగలైన బెదూయిన్ల జీవన విధానాన్ని వివరంగా నమోదు చేస్తూ వచ్చాడు.

పెట్రా దర్శనము

1812 జూన్ నెలలో బర్క్‌హార్ట్ డమాస్కస్ నుండి కైరోకు బయలుదేరాడు. సముద్ర తీరపు మార్గం సులభమైనదే. కాని అతడు జోర్డాన్ నదికి తూర్పుగా, ఐరోపావారికి బొత్తిగా తెలియని కొండల మార్గాన్ని ఎంచుకొన్నాడు. కరక్ దాటి దక్షిణానికి పోతుండగా, వాదీ మూసా అనే లోయలో కొండల నడుమ గొప్ప శిథిలాలు ఉన్నవని స్థానికుల వలన విన్నాడు.

ఆ శిథిలాలను చూడాలన్న కోరికను బయటపెట్టుట ప్రమాదకరం. పాత కట్టడాల కొరకు వచ్చే పరదేశీయులు మంత్రశక్తితో గుప్తనిధులను తరలించుకొని పోతారని అక్కడివారి నమ్మకం. అందువలన బర్క్‌హార్ట్ ఒక ఉపాయం పన్నాడు. హారూన్ ప్రవక్త సమాధి వద్ద మేకను బలి ఇస్తానని మొక్కుకొన్నట్లు చెప్పాడు. హారూన్ సమాధి ఉన్న కొండకు దారి ఆ శిథిలాల గుండానే పోతుంది. మొక్కు చెల్లించుకొనే యాత్రికుని ఆపుట ధర్మం కాదు. ఒక స్థానికుడు మార్గదర్శిగా వెంట రాగా, బలికి మేకతో, నీళ్ళ తోలుతిత్తితో 1812 ఆగష్టు 22న బర్క్‌హార్ట్ బయలుదేరాడు.

రెండువైపులా నిటారుగా లేచిన కొండల నడుమ సిక్ అనబడే ఇరుకైన కనుమ గుండా దాదాపు ఒక కిలోమీటరుకు పైగా నడచిన పిమ్మట, ఎర్రని ఇసుకరాతి కొండలో నిలువునా తొలచిన బ్రహ్మాండమైన కట్టడం ఎదురుపడింది. స్థానికులు దీనిని ఖజానా అని పిలుస్తారు. పై భాగంలోని రాతికలశంలో పూర్వపు రాజు నిధి ఉన్నదని వారి విశ్వాసం. బర్క్‌హార్ట్ ఖజానా లోపలికి వెళ్ళి చూశాడు. అక్కడినుండి కొండలో తొలచిన సమాధులను, రాతిని చెక్కి నిర్మించిన నాటకశాలను, లోయ మధ్య నిలచియున్న కస్ర్ అల్ బింత్ ఆలయాన్ని పరిశీలించాడు.

శిథిలాల పట్ల ఇతని ఆసక్తిని గమనించిన మార్గదర్శికి సందేహం కలిగింది. ఇతడు నిధి కొరకు వచ్చిన అవిశ్వాసి అని నిందించాడు. దానితో బర్క్‌హార్ట్ పరిశీలన ఆపవలసి వచ్చింది. బొమ్మలు గీయుటకు, కొలతలు తీయుటకు అవకాశమే లేదు. సూర్యాస్తమయం కావచ్చినందున సమాధి ఉన్న శిఖరం ఎక్కకుండా, అది కనిపించే చోటనే మేకను బలి ఇచ్చి తిరిగి వచ్చాడు. ప్రాచీన గ్రంథాలలోని వర్ణనలను బట్టి ఈ శిథిలాలు అరేబియా పెట్రియా రాజధానియైన పెట్రా కావచ్చునని తన దినచర్యలో వ్రాసుకొన్నాడు. అతని ఊహ నిజమైనది. పెట్రాలో గడిపినది ఒక్క రోజు మాత్రమే. తరువాత సినాయి ఎడారి దాటి సెప్టెంబరు మొదటి వారంలో కైరో చేరాడు.

అబూ సింబెల్

ఫెజ్జాన్ బిడారు ఎప్పుడు బయలుదేరునో తెలియక, వేచియుండే కాలాన్ని వృథా చేయరాదని బర్క్‌హార్ట్ 1813 ఆరంభంలో నైలు నది వెంట దక్షిణాన నూబియా దేశానికి వెళ్ళాడు. మహస్ ప్రాంతంలో ఇతనిని ఈజిప్టు పాషా గూఢచారిగా అనుమానించినందున వెనుదిరగవలసి వచ్చింది. తిరుగు ప్రయాణంలో 1813 మార్చి 22న, నదీ తీరంలో ఉన్నదని తాను విన్న ఒక ఆలయాన్ని చూచుటకు ఇసుక కప్పిన ఏటవాలు కొండ దిగాడు. అది నేడు నెఫెర్తారి రాణి ఆలయంగా ప్రసిద్ధమైన చిన్న ఆలయం.

దానిని చూసి తిరిగి పోబోతూ కొంచెం దూరం నడచినంతలో, ఇసుకలో కూరుకుపోయిన నాలుగు మహావిగ్రహాలు కనిపించాయి. ఒక విగ్రహపు తల, రొమ్ములో కొంత భాగం మాత్రమే పైకి కనిపిస్తున్నవి. మరొకటి దాదాపు కనిపించుటయే లేదు. మిగిలిన రెండింటికి కిరీటాలు మాత్రమే ఇసుకపైన ఉన్నవి. ఈ ఇసుకను తొలగించగలిగితే వెనుక పెద్ద ఆలయం బయటపడుతుందని బర్క్‌హార్ట్ ఊహించాడు. ఇవి క్రీ.పూ. 13వ శతాబ్దానికి చెందిన ఫారో రెండవ రామ్సెస్ విగ్రహాలు. ఒక్కొక్కటి సుమారు 20 మీటర్ల ఎత్తు.

బర్క్‌హార్ట్ ఈ విషయాన్ని ఇటలీకి చెందిన బెల్జోనీకి తెలియజేశాడు. బెల్జోనీ 1817 ఆగష్టు 1న ఇసుకను తొలగించి పెద్ద ఆలయం లోనికి ప్రవేశించాడు.

షెండీ సంత

1814 మార్చిలో బర్క్‌హార్ట్ పేద వర్తకుని వేషంలో ఒక బిడారుతో కలసి నూబియా ఎడారిని దాటాడు. తోటి వర్తకులు ఇతనిని మిక్కిలి అవమానించి వేరుచేయగా, అబాబ్దా తెగవారి పంచన చేరి ప్రయాణం సాగించాడు. బెర్బెర్ మీదుగా నేటి సూడాన్‌లోని షెండీ చేరాడు. షెండీ ఆ కాలంలో గొప్ప వాణిజ్య కేంద్రం, పెద్ద బానిసల సంత. ఎక్కడెక్కడి నుండి బానిసలను తెచ్చేవారు, ఏ వయసువారికి ఏ ధర, దారిలో వారి పట్ల ప్రవర్తన ఎట్టిది అనే విషయాలను బర్క్‌హార్ట్ సవివరంగా వ్రాశాడు. ఈ వ్యాపారంపై నాటి రచనలలో ఇది విలువైన సాక్ష్యంగా పరిగణించబడుతున్నది.

అయితే బర్క్‌హార్ట్ కేవలం సాక్షి మాత్రమే కాదు. షెండీలో అతడు కూడా ఒక బానిస బాలుని కొన్నాడు. ఎర్ర సముద్ర తీరంలోని సుఆకిన్ రేవు మీదుగా 1814 జులైలో అరేబియాలోని జిద్దా చేరినపుడు జ్వరపీడితుడై చేతిలో సొమ్ము లేక, కైరో నుండి తెచ్చిన హుండీ చెల్లక, ఆ బాలుని కొన్న ధరకు మూడింతలకు అమ్మివేశాడు. ఈ సంగతిని తన రచనలో తానే దాచకుండా నమోదు చేశాడు. వేషం నిజమనిపించుటకు బానిస అవసరమని కొందరు సమర్థించినా, బానిస వ్యాపారాన్ని ఖండించిన రచయిత దానిలో భాగస్వామి అయ్యాడన్నది వాస్తవం. ఆ బాలుడు తరువాత ఏమయ్యాడో ఆ రచనలో లేదు.

మక్కా, మదీనా

ఆ సమయంలో ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ పాషా అరేబియాలోని తాయిఫ్‌లో విడిది చేసియున్నాడు. కైరోలో బర్క్‌హార్ట్‌ను ఎరిగినవాడగుటచే ఇతనిని పిలిపించాడు. ఇతడు నిజమైన ముస్లిము అవునా కాదా అన్న సందేహం తలెత్తగా, ధర్మశాస్త్రం తెలిసిన పండితులు పరీక్షించారని, ఇతని పాండిత్యానికి వారు సంతృప్తి చెందారని చెబుతారు. ముస్లిమేతరులకు ప్రవేశం లేని మక్కాలో బర్క్‌హార్ట్ సుమారు మూడు నెలలు నివసించి, 1814 నవంబరులో హజ్ యాత్ర పూర్తి చేశాడు. అరఫాత్ మైదానంలో దాదాపు 70,000 మంది యాత్రికులు చేరినట్లు అంచనా వేశాడు.

మక్కా చూసిన మొదటి ఐరోపా వాసి ఇతడు కాదు. 1503లోనే ఇటలీకి చెందిన వార్తెమా అక్కడికి వెళ్ళాడు. అయితే నగరపు వీధులు, ఇళ్ళు, బజారులు, యాత్రికుల వసతులు, ధరలు, ఆచారాలు ఇంత నిశితంగా వర్ణించినవారు అంతకు ముందు లేరు. 1853లో మక్కా వెళ్ళిన రిచర్డ్ బర్టన్ సైతం ఇతని వర్ణనపై ఆధారపడ్డాడు. 1815 ఆరంభంలో మదీనా చేరిన బర్క్‌హార్ట్ అక్కడ తీవ్ర జ్వరంతో నెలల తరబడి మంచాన పడ్డాడు. ఆ సంవత్సరం జూన్‌లో చిక్కి శల్యమై కైరో చేరాడు. దెబ్బతిన్న ఆరోగ్యం మరల పూర్తిగా కోలుకోలేదు.

చివరి సంవత్సరాలు, మరణము

1816లో కైరోలో ప్లేగు వ్యాపించగా బర్క్‌హార్ట్ సినాయి ద్వీపకల్పానికి వెళ్ళి, సెయింట్ కేథరిన్ మఠాన్ని, అకాబా సింధుశాఖ తీరాన్ని సందర్శించాడు. అదే సంవత్సరంలో ఆంగ్ల రాయబారి హెన్రీ సాల్ట్‌తో కలసి ఖర్చు భరించి, థీబ్స్‌లో పడియున్న రెండవ రామ్సెస్ మహావిగ్రహపు శిరోభాగాన్ని నైలు నది మీదుగా అలెగ్జాండ్రియాకు తరలించే పనిని బెల్జోనీకి అప్పగించాడు. సుమారు ఏడు టన్నుల ఈ శిల్పం 1818లో లండనులోని బ్రిటిష్ మ్యూజియం చేరింది.

1817 చివరలో ఫెజ్జాన్ వైపు పోయే బిడారు దొరికే అవకాశం ఎట్టకేలకు కనిపించింది. ఐదు సంవత్సరాలుగా ఎదురుచూచిన ప్రయాణం అది. కాని అక్టోబరు నెలలో బర్క్‌హార్ట్‌కు తీవ్రమైన రక్తవిరేచనాలు పట్టుకొని, 15వ తేదీన కైరోలో మరణించాడు. తాను సేకరించిన వందలాది అరబ్బీ వ్రాతప్రతులను కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందునట్లు ఏర్పాటు చేశాడు. ఇస్లాం మత సంప్రదాయం ప్రకారం బాబ్ అల్ నస్ర్ సమీపంలోని శ్మశానవాటికలో ఖననం జరిగింది. ఇతడు మనస్ఫూర్తిగా ఇస్లాం స్వీకరించాడా, లేక వేషం కొరకు మాత్రమే పాటించాడా అన్న విషయంపై జీవితచరిత్రకారులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి.

అతనికి అప్పగించిన నైజరు సమస్య 1830లో లాండర్ సోదరులు ఆ నది గినియా సింధుశాఖలో కలుస్తున్నట్లు చూచినపుడు తీరింది. మరుసటి సంవత్సరం ఆఫ్రికా సంఘం రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీలో విలీనమైంది.

రచనలు

బర్క్‌హార్ట్ జీవించి ఉండగా ఇతని యాత్రాగ్రంథం ఒక్కటియు వెలువడలేదు. లండనుకు పంపిన దినచర్యలను, లేఖలను ఆఫ్రికా సంఘం అతని మరణానంతరం ప్రచురించింది. వీటిలో ముఖ్యమైనవి:

నూబియా యాత్రలు (1819)
సిరియా, పవిత్రభూమి యాత్రలు (1822)
అరేబియా యాత్రలు (1829)
అరబ్బీ సామెతలు (1830)
బెదూయిన్లు, వహాబీలను గురించిన వివరణలు (1830)

పెట్రా వివరాలు ఉన్నది 1822 నాటి గ్రంథంలో. కాగా బర్క్‌హార్ట్ ద్వారా ముందుగానే విషయం తెలిసిన విలియం బ్యాంక్స్ మొదలగువారు 1818లోనే పెట్రాకు వెళ్ళివచ్చారు.

కనుగొన్నవాడు అనే బిరుదు

పెట్రాను, అబూ సింబెల్‌ను బర్క్‌హార్ట్ కనుగొన్నాడని పలు పుస్తకాలలో వ్రాస్తారు. ఈ మాటను జాగ్రత్తగా అర్థం చేసుకోవలసి ఉన్నది. పెట్రా నబాతియన్ల రాజధాని. సుగంధ ద్రవ్యాల వర్తకంతో వర్ధిల్లి, క్రీ.శ. 106లో రోమను సామ్రాజ్యంలో కలిసింది. 363 నాటి భూకంపంలో బాగా దెబ్బతిన్నది. 12వ శతాబ్దంలో క్రైస్తవ సైనికులు అక్కడ కోటలు కట్టారు. 1276లో మమ్లూక్ సుల్తాను బైబర్స్ ఆ దారిన ప్రయాణించాడు. బెదూయిన్లు అక్కడి గుహలలో కాపురం ఉంటూ వచ్చారు. కనుక పెట్రా మరుగున పడినది ఐరోపావారి దృష్టిలో మాత్రమే. అబూ సింబెల్ ఆలయం సంగతి కూడా నూబియా ప్రజలకు తెలిసినదే. స్థానికులు చెప్పినందువల్లనే బర్క్‌హార్ట్ అక్కడకు వెళ్ళాడు. విన్న మాటను నమ్మి వెళ్ళి చూచుట, చూచిన దానిని ప్రాచీన గ్రంథాలతో పోల్చి గుర్తించుట, దానిని కచ్చితంగా వ్రాసి ఉంచుట అతని ప్రత్యేకత.

నేటి పర్యాటక కేంద్రాలు

1839లో డేవిడ్ రాబర్ట్స్ వేసిన చిత్రాల వలన పెట్రా పేరు ఐరోపా అంతటా వ్యాపించింది. 1985లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. అదే కాలంలో గుహలలో నివసించే బ్దూల్ బెదూయిన్లను సమీపంలోని ఉమ్ సైహూన్ గ్రామానికి తరలించారు. 2007లో పెట్రా నూతన ప్రపంచ అద్భుతాల జాబితాలో చేరింది. 2019లో పది లక్షలకు మించి సందర్శకులు వచ్చారు.

ఆస్వాన్ ఆనకట్ట వలన నీట మునగనున్న అబూ సింబెల్ ఆలయాలను 1964 - 1968 మధ్య యునెస్కో ఆధ్వర్యంలో భాగాలుగా కోసి, సుమారు 65 మీటర్ల ఎత్తుకు తరలించి పునర్నిర్మించారు. 1979లో ఇవి ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందాయి. బర్క్‌హార్ట్ ఇసుకలో దిగి విగ్రహాలను చూచిన చోటు ఇప్పుడు నాసర్ జలాశయంలో మునిగి ఉన్నది.